వాగు వెంట నడిచాకే అంచనాలు వేయండి

సంపాదకుడు గారికి,

గుండ్లకమ్మ రిజర్వాయరు గేటు 2022లో ఒకటి, 2023 డిసెంబరు తుపానుకు మరొకటి కొట్టుకుపోతే ప్రకాశం జిల్లా అంతా దాని గురించే మాట్లాడింది. నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా రిజర్వాయరున్న మల్లవరం దాకా వచ్చే ఈ ఏట్లోకి పైనుంచి ఎంత మట్టి దిగుతోందో మాత్రం ఎవరికీ పట్టదు. విరిగిన గేటు ఫొటోకు వస్తుంది, అడుగున పేరుకునే పూడిక రాదు కదా!

వాటర్‌షెడ్ పనులు, అంటే వాననీటినీ మట్టినీ ఎక్కడికక్కడ ఆపే పనులు, జరగలేదని కాదు. చాలాచోట్ల మ్యాపు మీద గీతలన్నీ గీశాక గ్రామసభ పెట్టి సంతకాలు తీసుకుంటారు. అక్టోబరు వానకు ఏ వంక ఎక్కడ గండి పడుతుందో తెలిసిన గొర్రెల కాపరిని అడిగేవారు లేరు.

చెక్‌డ్యాంల సంగతే చూడండి. కంటికి కనిపించే పని కాబట్టి ముందు వాగులో గోడ లేపుతారు. పై వాలులో కందకాలు లేకపోతే నాలుగు పెద్ద వానలకే దాని వెనక మట్టి మేట వేస్తుంది. గోడ చివర్లను రెండు గట్లలోకీ బాగా లోపలికి దించకపోతే నీళ్లు పక్కనుంచి కోసుకుపోతాయి. డ్యాం అక్కడే నిలబడి ఉంటుంది, వాగు మాత్రం పక్క చేలో పారుతుంది. దిగువన రాళ్లు పరవకపోతే దూకే నీరు పునాదినే తవ్వేస్తుంది.

అందుకే పని కొండ మీద మొదలవ్వాలి. కందకం గీత ఒకే మట్టంలో పోతోందో లేదో చూడ్డానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఆరడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర వేసి, పైకొస నుంచి తాడుతో రాయి వేలాడదీయాలి. తాడు అడ్డకర్రను తాకినచోట గుర్తు పెట్టి, కర్రల కాళ్లు ఒకదాని చోట ఒకటి వచ్చేలా తిప్పి మళ్లీ గుర్తు పెడితే, ఆ రెంటి నడుమనున్నదే సరి మట్టం. తాడు అక్కడ ఆగేలా కర్ర కాలు మార్చుకుంటూ సున్నం చల్లుకుపోవాలి. ఆ గీత వెంట కందకం తవ్వి మట్టిని పల్లం వైపు పోయాలి. గీత వాలిందా, కందకమే కాలువై కొండను కోస్తుంది. వంకల్లో వేసే రాతికట్టకు నడుమ భాగం అంచులకన్నా అడుగు పల్లంగా ఉండాలి. కింది కట్ట తల పై కట్ట మొదలుతో ఒకే మట్టానికి రావాలి.

మేత సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. కొండంతా ఒకేసారి మూసేస్తే మందలు ఎక్కడికి పోతాయి? మొక్కలు నిలవకపోతే తప్పు కాపరులదంటారు. కొండను మూడు ముక్కలు చేసి వంతులవారీగా వదిలితే గొడవ ఉండదు.

ఎకరంలో 10 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 40 వేల లీటర్లు. బడి ఆవరణలో వానమాపకం పెట్టి, వానలకు ముందు, రబీకి ముందు బోర్లలో నీటి మట్టం కొలిచి ఊరి బోర్డు మీద రాస్తే, రబీలో వరి వేయాలా శనగ వేయాలా అన్నది లెక్కతో మాట్లాడుకోవచ్చు. రైతులే భూగర్భజలాల లెక్క చూసుకున్న ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టులో ప్రకాశం రైతులు ఈ పని చేసినవారే.

వాగులు ఎండి ఉండే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంజనీరు, సర్పంచి, కౌలు రైతులు, కాపరులు, ఉపాధి పనుల్లో కూలీలను నడిపే మేట్లు కలిసి కొండ నుంచి కిందికి నడవాలి. అంచనాలు ఆ తర్వాతే వేయాలి. ఏ పని, ఎన్ని మీటర్లు, ఎంత లోతు, కూలి ఎంత అన్నది సచివాలయం గోడ మీద రాయాలి. తొలి వానల తర్వాత జారిన రాళ్లు సర్దే పని ఎవరిదో, దానికి డబ్బు ఎక్కడిదో కూడా అక్కడే ఉండాలి.

– గుండ్లకమ్మ ఆయకట్టు రైతులు, మద్దిపాడు మండలం