తల్లి గల్ఫ్‌కి వెళ్లేముందు

సంపాదకులకు,

కోనసీమ నుంచి కువైట్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లే తల్లులు పసిబిడ్డను అమ్మమ్మకో నానమ్మకో అప్పగిస్తారు. ఏజెంటు కాగితాల గురించి చెబుతాడు గానీ, ఆ అప్పగింత ఎలాగో చెప్పేవాళ్లు లేరు.

ఏడెనిమిది నెలలకే బిడ్డకు తనవాళ్లెవరో గట్టిగా తెలుస్తుంది. కొత్త ముఖం చూసి ఏడ్చేది అందుకే, మొండితనం కాదు. అక్కడి నుంచి రెండేళ్లు దాటేదాకా ఎడబాటు బాగా కుదిపేస్తుంది.

పాలు పట్టినవాళ్లకే బిడ్డ మాలిమి అవుతుందనేది పొరపాటు. 1964లో స్కాట్లండ్‌లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది పసివాళ్లను గమనిస్తే, ఏడుపుకి వెంటనే పలికి ఆడించేవాళ్లకే వాళ్లు ఎక్కువ చేరువయ్యారు. అందుకే నెల ముందునుంచే, తల్లి పక్కనుండగా, స్నానం, ఉగ్గు, జోల అమ్మమ్మే చూడాలి. తల్లి మొదట అరగంట, తర్వాత ఒక పూట, ఆపైన ఒక రాత్రి దూరంగా ఉండాలి. నిద్రపోతుండగా చెప్పకుండా జారుకోవడమే అసలు తప్పు. ఆ తర్వాత అమ్మమ్మ గుమ్మం దాటినా బిడ్డ బెంబేలెత్తుతుంది. వారానికో ఇంటికి మార్చడమూ అంతే చెరుపు.

తిరిగొచ్చిన తల్లిని చూసి బిడ్డ అమ్మమ్మ చాటుకి పోతే లాక్కుని ఎత్తుకోవద్దు. అలవాటయ్యేదాకా కొన్ని వారాలు అమ్మమ్మ ఆ ఇంట్లోనే ఉండాలి.

– కొందరు అంగన్‌వాడీ కార్యకర్తలు, రాజోలు