పసుపు గీతలు గీసిన బాబాయ్ గారికి

ఇంటికి చేరి గంటయింది. కారు ఇంకా ట్రైలర్ మీదే ఉంది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు వదలలేదు. పొద్దున్నే పనికి వెళ్ళాలి. అయినా ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

మా ఆయన, ట్రైలర్ నడిపిన తమ్ముడు, మూడు రోజులు పిల్లల్ని చూసుకున్న అమ్మ, వీళ్ళు లేకపోతే నేను రేస్ ట్రాక్ గేటు కూడా దాటేదాన్ని కాదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నేను పేరు కూడా అడగని ఒక పెద్దాయన గురించి.

శనివారం మధ్యాహ్నం, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్, మూడో ల్యాప్. ట్రాక్ తిన్నగా సాగే మెయిన్ స్ట్రెయిట్‌కి ముందు పొడవైన ఎడమ మలుపు ఒకటుంది. అందులో కారు బరువంతా కుడివైపు ముందు చక్రం మీదే పడుతుంది. మలుపు దాటి, స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కాను. పెడల్ సగం దాకా ఖాళీగా దిగిపోయింది. వదిలి మళ్ళీ తొక్కాను. ఈసారి గట్టిగా పట్టుకుంది. కానీ ఆ వేగంలో రెండోసారి తొక్కే వ్యవధి ఎక్కడుంటుంది? కారు నేరుగా ట్రాక్ పక్కన పరిచిన కంకరలోకి దూసుకుపోయింది. కంకర చాలావరకు ఆపింది కానీ, కుడి ముందు మూల వెళ్ళి టైర్ల గోడకు తగిలింది.

నాకేమీ కాలేదు. మెడికల్ గదిలో డాక్టర్ మెడ వెనక నొక్కి చూస్తూ, "హాన్స్ పెట్టుకున్నారా?" అని అడిగారు. పెట్టుకున్నాను. హెల్మెట్‌ని రెండు పట్టీలతో భుజాల మీది చట్రానికి కట్టి ఉంచే ఆ పరికరం వల్లే, కారు ఆగినా తల ముందుకి విసురుగా పోదు. 1981లో తన తోటి డ్రైవర్ ప్రమాదంలో పోయాక, జిమ్ డౌనింగ్ అనే స్పోర్ట్స్ కార్ డ్రైవర్ బాధతో తన బావ రాబర్ట్ హబ్బర్డ్‌తో మాట్లాడాడు. ఆయన బయోమెకానిక్స్ ప్రొఫెసర్. ఆ బావ తయారు చేసిందే ఇది. ఎప్పుడో చదివిన ఈ సంగతి ఆ గదిలో బల్ల మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చి వాళ్ళిద్దరికీ మనసులో దండం పెట్టుకున్నాను.

కార్లు నిలిపి పని చేసుకునే ప్యాడక్‌కి తిరిగి వచ్చేసరికి కారు చుట్టూ జనం ఉన్నారు. తలా ఒక మాట. "ఆలస్యంగా తొక్కింది" అని ఒకరు, "బ్రేక్ ఆయిల్ మరిగిపోయి ఉంటుంది, ఎప్పుడు మార్చారు?" అని మా ఆయన్ని ఇంకొకరు అడిగారు. శుక్రవారం సాయంత్రమే పాతదంతా తీసేసి కొత్త డాట్ 4 రకం ఆయిల్ నా చేతులతో పోశాను. కొత్త డాట్ 4 అయితే 230 డిగ్రీల లోపు మరగదు. తేమ పీల్చుకున్నాక 155కి పడిపోవచ్చు కానీ, ఒక్క రోజులో అంత తేమ ఎలా పడుతుంది? ఈ మాట చెప్పబోతే వినేవాళ్ళే లేరు.

నిర్వాహకుల తరఫున ఒకాయన ఫారం పట్టుకుని వచ్చారు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "కారణం" అని ఉన్నచోట "డ్రైవర్ పొరపాటు" అని అప్పటికే రాసి ఉంది. సంతకం పెట్టమన్నారు. బ్రేక్ మొదటిసారి పట్టలేదని చెప్పాను. "అందరూ అలాగే అంటారమ్మా" అన్నారు. సంతకం పెట్టేశాను. ఆ సమయంలో నాకే అనుమానం వచ్చింది. నిజంగా ఆలస్యంగా తొక్కానేమో, పెడల్ సంగతి భయంలో నేను ఊహించుకున్నానేమో అని. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

బాబాయ్ గారు వచ్చింది అప్పుడే. మా నుంచి నాలుగు కార్ల అవతల, పొద్దున ప్రాక్టీసులో ఇంజిన్ పోయిన ఒక కారుతో వచ్చారాయన. వాళ్ళ వారాంతం అక్కడితో అయిపోయింది. సామాన్లు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. నెరిసిన జుట్టు, చొక్కా జేబులో కళ్ళజోడు. గుంపులోకి వచ్చి, "ఈ బండి నడిపింది ఎవరు?" అన్నారు. మా ఆయన నన్ను చూపించారు. ఆయన నా ఎదురుగా టైరు మీద కూర్చున్నారు.

"పెడల్ మెత్తగా అనిపించిందా తల్లీ, ఖాళీగా అనిపించిందా?"

ఖాళీగా అన్నాను.

"మొదటిసారే ఖాళీయా, రెండోసారి కూడానా?"

మొదటిసారే, రెండోసారి గట్టిగా ఉంది అన్నాను.

"ఆ మలుపు తర్వాతేనా? ముందు ల్యాపుల్లో కూడా కొంచెం దిగిందా?"

అవును, దిగింది. రెండో ల్యాపులో కొంచెం దిగింది. టైర్లు ఇంకా వేడెక్కలేదులే అనుకుని వదిలేశాను. ఆయన అడిగేదాకా అది నాకు గుర్తే రాలేదు.

ఆయన తల ఊపి, జాకీ వేయమన్నారు. చక్రం పైనా కిందా పట్టుకుని కుదిపారు. టక్ టక్ మని చప్పుడు. తర్వాత ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టి, రెండో చేత్తో చక్రం తిప్పారు. నా చెయ్యి తీసుకుని ఆ స్ప్రింగ్ మీద పెట్టారు. లోపల గులకరాళ్ళు రుబ్బుతున్నట్టు సన్నగా గరగర తెలిసింది.

"బేరింగ్ పోయింది. మలుపులో చక్రం బిగించే హబ్ వాలుతోంది, దాంతోపాటు బ్రేక్ డిస్క్ వాలి, దాన్ని పట్టుకునే ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తోంది. తర్వాత నువ్వు తొక్కే మొదటి తొక్కు ఆ ప్యాడ్లని మళ్ళీ డిస్క్ దాకా తేవడానికే సరిపోతుంది. ఆయిల్ మరిగితే రెండోసారి అంత గట్టిగా పట్టదు. నువ్వు చెప్పింది సరిగ్గా చెప్పావు. నీ తప్పు కాదు తల్లీ."

నేను ఏడ్చేశాను. అంతమంది ముందు, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని. గోడకి తగిలినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆయన ఏమీ అనలేదు, కాసేపు తల తిప్పుకుని పానాలు వెతుక్కున్నారు.

మా దగ్గర స్పేర్ హబ్ లేదు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్, బెల్టులు, గొట్టాలు అన్నీ తెచ్చుకున్నాం, హబ్ మాత్రం తెచ్చుకోలేదు. మెత్తని రేస్ టైర్లు మలుపుల్లో వేసే బరువుకి బేరింగ్ ఎంత త్వరగా అరుగుతుందో ఇప్పుడు నాకు తెలుసు. రేసు రేసుకీ చక్రం కుదిపి చూసుకోవాలనీ తెలుసు. ఆయన లేచి వెళ్ళి, ఇంజిన్ పోయిన వాళ్ళ కారుకి జాకీ వేసి, దాని హబ్ విప్పుకుని వచ్చారు. రెండూ ఒకే మోడల్ కార్లు. అదృష్టం అంటే అదే.

తర్వాత జరిగిందంతా మెల్లమెల్లగా గుర్తుంది. బ్రేక్ ప్యాడ్లుండే క్యాలిపర్ విప్పి దాన్ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగ్‌కి కట్టారు. పాత హబ్ నట్టు పక్కన పడేసి, "ఇది ఒకసారి బిగించాక మళ్ళీ వాడకూడదు" అంటూ తన రేకు డబ్బాలోంచి కొత్త నట్టు తీశారు. బిగించాక దాని అంచుని ఉలితో గాడిలోకి వంచారు, వదులు కాకుండా. ఇదంతా చేస్తూ ప్రతిదీ నాకు చెప్పారు. మా ఆయనకి కాదు, నాకు.

అంతటితో అయిపోయి ఉంటే ఎనిమిదింటికల్లా పడుకునేవాళ్ళం. కానీ గోడకి తగిలినప్పుడు స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కొద్దిగా వంగింది. అదీ వాళ్ళ కారు నుంచే వచ్చింది. టై రాడ్ మారిస్తే ముందు చక్రాల వరస మళ్ళీ చూడాలి. అక్కడ అలైన్‌మెంట్ మిషన్ ఎక్కడిది? ఆయన కారుకి రెండు పక్కలా స్టాండ్లు నిలబెట్టి, వాటి మధ్య కారు పొడవునా దారం కట్టారు. రెండు దారాలూ కారుకి సమాంతరంగా వచ్చేదాకా జరిపి, చక్రం ముందు అంచు నుంచి దారానికి ఎంత దూరం, వెనక అంచు నుంచి ఎంత దూరం అని స్కేలుతో కొలిచారు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా మళ్ళీ మొదటికి.

సరిగ్గా పదింటికి ప్యాడక్‌లో లైట్లు ఆర్పేశారు.

ఇది చెప్పాల్సిందే. దెబ్బ తిన్న కారుని మళ్ళీ తనిఖీ చేయించుకోకుండా ట్రాక్ మీదకి పంపకూడదన్న నియమం మంచిది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ తనిఖీ బల్ల దగ్గర ఆదివారం పొద్దున ఏడు నుంచి ఏడున్నర వరకే మనిషి ఉంటాడట. అంటే పని రాత్రే ముగియాలి. రాత్రే ముగియాలంటే లైటు ఉండాలి కదా? అడగడానికి వెళితే ఆఫీసుకి తాళం. గేటు దగ్గర కుర్రాడికి ఏమీ తెలియదు, పాపం అతని తప్పూ కాదు. మేమందరం జీతాలు మిగుల్చుకుని, సెలవులు పెట్టుకుని వచ్చి నడుపుకునేవాళ్ళం. మా వెనక టీములు లేవు, స్పాన్సర్లు లేరు. మా ఎంట్రీ ఫీజులతో నడిచే వారాంతంలో రాత్రి రెండు దీపాలు ఉంచడం అంత కష్టమా? చీకట్లో జాకీ మీద ఉన్న కారు కింద మనుషులు పడుకుని పని చేస్తుంటే ఏం జరగొచ్చో ఎవరైనా ఆలోచించారా? పోనీ తప్పు రాసిన ఆ ఫారమైనా మారుస్తారా అంటే, పాడైన బేరింగ్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టినా "ఒకసారి రాసింది మార్చలేం" అన్నారు. నా లాగ్‌బుక్‌లో ఇప్పటికీ "డ్రైవర్ పొరపాటు" అనే ఉంది.

లైట్లు పోగానే బాబాయ్ గారు తలకి కట్టుకునే టార్చి తీసి నా తలకి కట్టారు. "నువ్వు ఎటు చూస్తే అటు నాకు వెలుతురు" అన్నారు. అలా ఒంటిగంట దాటేదాకా ఆయన కొలతలు తీస్తుంటే నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను.

అంతా అయ్యాక ఒక పసుపు పెయింట్ పెన్ను తీసి, బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన లోహం మీదా కలిసేలా ఒక్కో గీత గీశారు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి కనబడుతుంది. గీయడం అయ్యాక, బిగింపు సరిపోగానే క్లిక్ మనే టార్క్ రెంచి నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నువ్వు చూడు. ఒక్కొక్కటీ."

మీరు బిగించారు కదా బాబాయ్ గారూ అన్నాను.

"నేను బిగించాను. రేపు స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కేది నువ్వు. నీ చేతికి తెలియాలి."

ఒక్కొక్క నట్టుకీ రెంచి పెట్టి, క్లిక్ అనేదాకా నొక్కాను. ఒక్క గీత కూడా చెదరలేదు. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. తాగడానికి మంచినీళ్ళు మాత్రం అడిగారు.

ఆదివారం తనిఖీలో కారు పాసయింది. క్వాలిఫయింగ్ టైము లేదు కాబట్టి అందరికన్నా వెనక, ఇరవై మూడో స్థానం నుంచి బయల్దేరాను. మొదటి ల్యాపులో ఆ ఎడమ మలుపు దాటి స్ట్రెయిట్ చివరికి వచ్చేసరికి కుడికాలు వణికింది. తొక్కాను. పెడల్ పైనే పట్టుకుంది. రెండో ల్యాపులోనూ అంతే. ఐదో ల్యాపు నుంచి ఆ సంగతే మర్చిపోయాను. పదహారో స్థానంలో ముగించాను. ఏడు కార్లు దాటానంటే అందులో మూడు వాటంతట అవే ఆగిపోయినవి, అయినా నాకు చాలు. జెండా పడ్డాక ఆయన్ని వెతుక్కుంటూ పరిగెత్తాను. ఆ చోటు ఖాళీగా ఉంది. మేము రేసు మొదలయ్యే గ్రిడ్ మీద ఉన్నప్పుడే వాళ్ళ ట్రైలర్ వెళ్ళిపోయిందని పక్కవాళ్ళు చెప్పారు.

ఇందాక ఇంటికి రాగానే టార్చి వేసుకుని చక్రం సందులోంచి చూశాను. పసుపు గీతలన్నీ కలిసే ఉన్నాయి.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను. ఆ హబ్, టై రాడ్ రెండూ ఇంజిన్ పోయిన కారు తాలూకు కుర్రాడివి. తన వారాంతం పోయిన బాధలో ఉండి కూడా "తీసుకోండి అక్కా, అది ఇప్పుడెలాగూ కదలదు" అన్నాడు. తమ్ముడూ, కొత్తవి రెండూ కొని నీకు పంపుతాను. నీ అడ్రసు కావాలి.

కంకరలో నా తలుపు దగ్గరికి ముందు పరిగెత్తుకొచ్చిన, ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షల్ అమ్మాయికి కూడా థాంక్స్. "మాట్లాడగలరా? వేళ్ళు కదిపి చూపించండి" అన్న ఆ గొంతు ఎంత నెమ్మదిగా ఉందో. వాళ్ళంతా పైసా తీసుకోకుండా వచ్చేవాళ్ళు. రోజంతా ఎండలో నిలబడతారు, వాళ్ళ పోస్టుల దగ్గర నీడ కూడా లేదు. ఆ సంగతీ నిర్వాహకులు చూడాలి. కారుని కంకరలోంచి లాగిన రికవరీ బండి అన్నకీ, స్టాండ్లు అరువిచ్చిన పక్క పిట్ వాళ్ళకీ, ఆదివారం పొద్దున టైర్లలో గాలి చూసిపెట్టిన అబ్బాయికీ థాంక్స్. ఇంకెవరినైనా వదిలేస్తే క్షమించండి, కళ్ళు మూతలు పడుతున్నాయి.

బాబాయ్ గారిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట చెప్పండి. ఆయన తల టార్చి నా దగ్గరే ఉండిపోయింది. బ్యాటరీలు కొత్తవి వేసి ఉంచాను.