వేలిముద్ర పడలేదన్నారు, డబ్బు మాత్రం పోయింది: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని, పదవీ విరమణ తర్వాత గార మండలంలోని మా ఊళ్లో, ఇంటి అరుగు మీద ఇరుగుపొరుగుకు ఫారాలు నింపిపెడుతున్నవాడిని. జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి మీరు అధ్యక్షులు. మూడు నెలలకోసారి అన్ని బ్యాంకుల అధికారులూ మీ ముందు కూర్చుంటారు కనుక, మోసపోయి ఖాతాలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లను బ్యాంకులు ఉత్తచేతులతో తిప్పి పంపుతున్న సంగతి మీద ఈ లేఖ మీకే రాస్తున్నాను.

మా వీధిలో ఎండుచేపలు అమ్ముకునే ఒక పెద్దావిడ ఉంది. కొడుకు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనికి వెళ్లి, అక్కణ్నుంచి ఆమె ఖాతాకు డబ్బు పంపుతాడు. బ్యాంకు మా ఊరికి దూరం కాబట్టి ఆమె బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గరే ఆధార్ మిషను మీద వేలు పెట్టి తీసుకుంటుంది. ఒకరోజు మూడు వేలు అడిగింది. వేలు పెట్టింది. "పడనేదు, మళ్లీ ఎట్టమ్మా" అన్నాడు ఆ కుర్రాడు. చీర చెంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మూడు వేలు చేతికిచ్చాడు. చీటీ అడిగితే కాగితం రోలు అయిపోయిందన్నాడు. నెలన్నర తర్వాత పాస్‌బుక్ అచ్చు వేయించి నా దగ్గరకు తెచ్చింది. ఒకే తేదీన, ఒకదాని కింద ఒకటి, మూడు వేలు తీసినట్టు రెండుసార్లు ఉంది. "ఏటైపోనాయి బాబూ నా డబ్బులు?" అని ఆమె అడిగితే, పడలేదన్న వేలు కూడా పడిందని చెప్పాల్సి వచ్చింది.

బ్యాంకుకు తీసుకెళ్లాను. (బ్యాంకు పేరు ఇక్కడ రాయను, ఆ ఒక్కదాని కథే కాదిది.) మెసేజ్ వెళ్లిందనీ, గడువు దాటిపోయిందనీ, పోలీస్ స్టేషనుకు వెళ్లమనీ చెప్పారు. వాళ్లను తప్పుపట్టే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కౌంటరు వెనక ఉన్నన్నాళ్లూ నేనూ ఆ సమాధానమే చెప్పి పంపేవాడిని. మెసేజ్ వెళ్లిన మాట కూడా నిజమే. ఆ ఖాతాకు ఉన్నది కొడుకు నంబరు. బోటు సముద్రం మీద ఉన్నన్నాళ్లూ సిగ్నల్ ఉండదు. ఒడ్డుకు చేరాక రెండు మెసేజ్‌లూ చూసి, అమ్మకు ఏదో అవసరం వచ్చి రెండుసార్లు తీసిందనుకున్నాడట. ఆ మెసేజ్ ఇంగ్లీషులో ఉంది, తల్లికి ఫోనే లేదు. నిబంధన ప్రకారం సమాచారం "అందింది", డబ్బు పోయిన మనిషికి మాత్రం అందలేదు.

ఇక నిబంధన సంగతి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీని, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాలలోగా తెలియజేస్తే నష్టం ఏమాత్రం ఖాతాదారుదు కాదనీ, నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్యయితే జీరో బ్యాలెన్సు ఖాతాకు రూ. 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు రూ. 10,000 దాటి భారం వేయకూడదనీ, ఫిర్యాదు అందిన పది పనిదినాలలో ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చూపాలనీ, తొంభై రోజుల్లో తేల్చాలనీ, తప్పు ఖాతాదారుదే అయితే ఆ సంగతి నిరూపించాల్సింది బ్యాంకేననీ ఉంది. లోపం బ్యాంకు వైపు ఉంటే ఈ రోజుల లెక్కే వర్తించదు. బ్యాంకు మిత్ర చేసే పనులకు పూర్తి బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, మా పెద్దావిడకు ఏడు రోజులు దాటాయన్న జవాబు ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు.

కార్డు వ్యవహారంలో కాలం ఇంకా కీలకం. ఏటీఎం దగ్గర వెనక నిలబడి సాయం చేస్తానంటూ కార్డు మార్చేసేవాళ్లు పాతకాలపు దొంగలే. అయినా సంక్రాంతి ముందు రద్దీలో ఇప్పటికీ దొరుకుతారు. పిన్ ఇతరులకు చెప్పాడన్న కారణంతో అప్పటిదాకా జరిగిన నష్టం ఖాతాదారు మీద పడినా, బ్యాంకుకు తెలియజేసిన నిమిషం నుంచి పోయేదంతా బ్యాంకుదే. కార్డు కవరు మీదే పిన్ రాసుకొచ్చిన ముసలివాళ్లను నేనెంతమందిని కసిరానో లెక్కలేదు. నాలుగంకెలు గుర్తుండని మనిషి వాటిని ఇంకెక్కడ రాసుకుంటాడన్నది అప్పట్లో తోచలేదు. కాబట్టి ఎప్పుడు తెలియజేశారన్నదానికి ఆధారం కావాలి. మా వైపు శాఖల్లో నోటిమాటగా చెప్పి వచ్చేవాళ్లే ఎక్కువ, అందినట్టు రాసిచ్చేవాళ్లు తక్కువ.

సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 ఫోను నంబరు గురించి పోస్టర్లు చూస్తున్నాను, మంచిదే. ఆ నంబరుకు చెప్పిన వివరాలు, డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్లి, అది ఇంకొక ఖాతాకు జారకముందే నిలిపివేయడానికి వీలుంటుంది. అందుకే మొదటి గంటకు అంత విలువ. అయితే ఫోనులో ఖాతా నంబరు, లావాదేవీ నంబరు చదివి చెప్పగలిగేవాళ్లకే అది పనికొస్తుంది. శాఖకు వచ్చిన మనిషిని స్టేషనుకు పొమ్మనే బదులు, కౌంటరులో ఉన్న ఉద్యోగే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ నంబరుకు ఎందుకు చేయకూడదు?

ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకోమనే సలహా కూడా వింటున్నాం. తాళం వేయడానికైనా తీయడానికైనా ఆధార్‌కు కలిపిన ఫోను కావాలి. తాళం పడ్డాక డబ్బు తీసుకోవాలన్నా, రేషను తెచ్చుకోవాలన్నా తన వేలే తనకు పనిచేయదు. వేలి మీదే బతుకు నడిచే మనిషికి ఈ సలహా ఎవరు ఇచ్చారో గానీ, ఆమె వీధిలోకి వచ్చి ఇవ్వలేదు.

మీరు అధ్యక్షత వహించే సమావేశంలో బ్యాంకుల చేత ఒప్పించగలిగినవే అడుగుతున్నాను. డబ్బు పోయిందని తెలుగులో కాగితం రాసిచ్చినా, నోటితో చెప్పినా, ప్రతి శాఖా తీసుకుని తేదీ, సమయం, నంబరు వేసిన రసీదు ఇవ్వాలి. ఖాతాకు ఉన్న ఫోను నంబరు ఎవరి చేతిలో ఉందో పాస్‌బుక్ అచ్చు వేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగి రాసుకోవాలి. ఫోను లేనివాళ్లకు బ్యాంకు మిత్ర దగ్గర అచ్చు చీటీ ఇవ్వకుండా డబ్బు ఇవ్వకూడదు, రోలు అయిపోతే ఆ రోజుకు మిషను ఆపేయాలి. వేలు పడనప్పుడు కూడా "పడలేదు" అని చీటీ రావాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎందుకంటే మోసమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆధార్ మిషను నడిపేవాళ్ల వివరాలు బ్యాంకులు సరిచూసుకోవాలనీ, వాళ్ల లావాదేవీల మీద కన్నేసి ఉంచాలనీ రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి అమలుకు పెట్టినవి. మన జిల్లాలో ఎంతమందిని సరిచూశారో ఆ సమావేశంలో అడగండి.

ఆమె పాస్‌బుక్ జిరాక్సు, రిజిస్టరు పోస్టులో పంపిన ఫిర్యాదు నకలు, పోస్టాఫీసు రసీదు నా దగ్గర ఉన్నాయి. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆమెను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా