కోడి వేపుడుకు ఎరుపు కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక జిల్లా అనుబంధంలో గుంటూరు భోజనశాలల కోడి వేపుడు మీద వచ్చిన కథనం చదివాను. అయిదు చోట్ల చేసే వేపుళ్ళను ముగ్గురు న్యాయనిర్ణేతల చేత రుచి చూపించి, రంగుకు, కరకరకు, వడ్డనకు, రుచికి విడివిడిగా మార్కులు వేయించి, బ్రాడీపేటలో నలభై ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం నడుపుతున్న మెస్సుకు చివరి స్థానం ఇచ్చారు. రంగు వెలవెలబోయిందని, ముక్క కరకరలాడలేదని, ఎముకలు ఎక్కువగా ఉన్నాయని మూడు కారణాలు చూపారు. ఆ మెస్సు వారితో నాకు బంధుత్వం గాని, వ్యాపార సంబంధం గాని లేవు. 1984లో మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా చేరిన నాటి నుంచి, పని మానుకుని ఇంటి పట్టున ఉంటున్న ఈనాటి వరకు, వారానికి ఒక పూటైనా అక్కడ భోంచేస్తున్నవాణ్ణి. ఆ వేపుడులో లోపం లేదని నేను అనను. ఉంది, దాని గురించి కూడా ఈ లేఖలోనే రాస్తాను. కాని మీ న్యాయనిర్ణేతలు పట్టుకున్నది ఆ లోపాన్ని కాదు. వారు తప్పులుగా లెక్కగట్టినవి ఇంటి పద్ధతిలో చేసిన వేపుడుకు ఉండి తీరవలసిన గుణాలు.

ముందుగా రంగు సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా మిరపకాయ రంగు చూసి ధర రాసిన చేతులు నావి. తేజ కాయకు ఘాటు ఎక్కువ. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి కాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన సన్నం కాయ ఈ రెండింటికీ నడిమిది. కల్లంలో సరిగా ఎండిన కొత్త కాయకు ఉండే నిగనిగ, శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉండి బయటికి వచ్చిన ఏసీ సరుకుకు ఉండదు. ఏ కాయ పొడి అయినా సరే, వేడి నూనెలో ముక్కతో పాటు పావుగంట వేగిందంటే ఎరుపుగా మిగలదు. ఎరుపు తగ్గి, ఇటుక రంగుకు దిగి, ఆ తరువాత కాచిన బెల్లం రంగుకు వస్తుంది. ఇంటిలో చేసిన వేపుడు రంగు అదే. బాగా వేగిన తరువాత కూడా ముక్క కుంకుమలాగా ఎర్రగా కనిపిస్తోందంటే రెండే కారణాలు ఉంటాయి: కారం పొడిని చివరలో పైపైన చల్లి ఉండాలి, లేదా డబ్బాలోని రంగు కలిపి ఉండాలి. ఇటువంటి మాంసం వంటకాల్లో కృత్రిమ రంగులు కలపడానికి మన ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబుల నమూనాలు పరీక్షించి, వాటిలో సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ వంటి రంగులు బయటపడిన తరువాత, కబాబుల్లో వాటి వాడకాన్ని నిషేధించింది. మీ కథనంలో రంగుకు ఎక్కువ మార్కులు తెచ్చుకున్న హోటలు రంగు కలిపిందని నేను అనడం లేదు. అది పరీక్షించి తేల్చవలసిన విషయం. ఎరుపుకు మార్కులు వేసే పోటీ ఏ వంటవాణ్ణి ఏ దారికి నెడుతుందో మీరే ఆలోచించండి.

ఇక కరకర. చికెన్ 65, చికెన్ పకోడీ వంటివి కరకరలాడాలి. మొక్కజొన్న పిండో మైదానో గుడ్డుతో కలిపి ముక్కకు పట్టించి, మునిగేంత నూనెలో వేయించేది ఆ పైపొర కరకరలాడాలనే. చెన్నైలోని బుహారీ హోటల్లో పుట్టిందని చెప్పుకునే ఆ వంటకం మీద నాకు చిన్నచూపు లేదు. బాగా చేసిన చోట ఇష్టంగానే తింటాను. అయితే వేపుడు పుట్టుకే వేరు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి నానబెట్టిన ముక్కలను నూనె లేకుండా మూకుడులో వేసి, వాటిలోంచి ఊరిన నీటిలోనే ఉడకనిచ్చి, ఆ నీరంతా ఇగిరిపోయాక నూనె పోసి, సన్నని సెగ మీద అడుగంటకుండా తిప్పుతూ వేయించడమే వేపుడు. నీరు ఉన్నంతసేపు మూకుడులో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. నీరు పోయాకే ముక్క అంచులు రంగు తిరగడం, మసాలా ముక్కను అంటుకుపోవడం మొదలవుతాయి. ఈ పద్ధతిలో ముక్క పైభాగం గట్టిపడుతుంది, పంటి కింద కొద్దిగా సాగుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. కరకర రాదు, రాకూడదు.

తొంభైలలో ఒకసారి, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల్లో, భోజనాల వేళ దాటాక వెళ్ళాను. ముందు గదిలో నేనొక్కణ్ణే ఉండడంతో ఆ ఇంటి పెద్దావిడ వంటగది గడపలోనే నాకు పీట వేయించారు. పెద్ద ఇనుప మూకుడు పొయ్యి మీద ఉంది. అప్పటిదాకా కుతకుతమంటున్న చప్పుడు ఉన్నట్టుండి సన్నబడి చిటపటలోకి మారింది. ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఇటు తల కూడా తిప్పకుండా, "నూనె పొయ్యవే" అని కోడలికి చెప్పారు. "చూడకుండానే ఎలా తెలిసింది పిన్నిగారూ?" అని అడిగాను. "చూస్తే ఏం తెలుస్తుంది నాయనా, ఆవిరి కమ్మేసి ఉంటుంది. వినాలి. నీళ్ళు ఉండగా నూనె పోస్తే ఇగురవుతుంది గాని వేపుడు ఎందుకవుతుంది?" అన్నారు. మిరపకాయను గుప్పిట్లో ఆడించి, గింజల గలగల విని, లోపల చెమ్మ ఉందో లేదో చెప్పే పనిలో ఉన్న నాకు ఆ మాట వెంటనే ఎక్కింది. ఆ రోజు నూనె పోసిన తరువాత ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. చివరలో గుప్పెడు కరివేపాకు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు, అప్పుడే దంచిన ధనియాలు, చెక్క, లవంగాల పొడి వేసి దించారు. వడ్డించిన తరువాత, మూకుడుకు అంటుకున్న మసాలాలో రెండు గరిటెల వేడన్నం వేసి గీకి కలిపి, ఆ ముద్దను కూడా నా విస్తట్లో పెట్టారు.

ఎముకల మీద అభ్యంతరం నన్ను ఎక్కువగా బాధించింది. ఇంటి వేపుడుకు కోడిని మొత్తంగా కొట్టిస్తారు. మెడ, వీపు, రెక్క, తొడ, కార్జం, కందనకాయ అన్నీ ఒకే మూకుడులో పడతాయి. ఉడికేటప్పుడు ఎముక నుంచి దిగే సారమే ఆ నీటికి రుచి, ఆ నీరు ఇగిరి మసాలాగా మారినప్పుడు ఆ రుచి ముక్కకే చేరుతుంది. ఎముక తీసేసిన రొమ్ము ముక్కకు ఆ సాయం లేదు, సన్నని సెగ మీద అంతసేపు ఉంచితే అది పీచులా ఎండిపోతుంది కూడా. నా విస్తట్లో కందనకాయ ముక్క ఒకటి కనిపిస్తే నాకు ధైర్యం. సంచుల్లో వచ్చిన ముక్కలు కాకుండా ఆ పూట కోడిని కోయించి తెచ్చారని దాని అర్థం.

మీరు అచ్చువేసిన ఫొటోలో న్యాయనిర్ణేతల ముందు చిన్న గిన్నెల్లో వేపుడు, పక్కన గుచ్చుకు తినడానికి పుల్లలు ఉన్నాయి. అన్నం ఎక్కడా కనిపించలేదు. ఆ మెస్సులో వేపుడుతో పాటు పప్పుచారు వడ్డిస్తారన్న సంగతి మీ కథనంలో లేనే లేదు. ఆ వేపుడులోని ఉప్పు, కారం, వెల్లుల్లి పాళ్ళు పులుపుగా, పలుచగా ఉండే ఆ పప్పుచారు అన్నంలో నంజుకోవడానికి కుదిర్చినవి. పుల్లతో గుచ్చి ఒట్టిగా తిన్నవారికి ఉప్పు కాస్త ముందుకు వచ్చినట్టు అనిపించి ఉంటే అది నిజమే. ఆవకాయను చెంచాతో ఒట్టిగా తిని ఉప్పు ఎక్కువైందని రాసేవారు మన మధ్య ఉన్నారా? అన్నం లేకుండా రుచి చూసినప్పుడు ఆ వంటలో సగమే పరీక్షించినట్టు.

ఇప్పుడు ఆ మెస్సులో నాకు కనిపించే లోపం చెబుతాను. పెద్దావిడ చేతుల మీదుగా నడిచినన్నాళ్ళు మధ్యాహ్నం మూడు విడతలుగా మూకుడు ఎక్కేది. ఏ విడతకు ఆ విడత పచ్చి ముక్కతోనే మొదలుపెట్టేవారు. గత రెండేళ్ళుగా, ముఖ్యంగా ఆదివారాల్లో, ముక్కలన్నింటినీ పొద్దున్నే పెద్ద డేగిసాలో ఉడికించి పక్కన పెట్టి, వచ్చినవారికి వచ్చినట్టు ప్లేటు చొప్పున నూనెలో తిప్పి ఇస్తున్నారు. దానితో ఇగరవలసిన నీరు డేగిసాలోనే ఉండిపోయి, మసాలా ముక్కకు పైన పూసినట్టు ఉంటోందే గాని లోపలికి దిగడం లేదు. ఎముక దగ్గర కొరికితే చప్పగా తగులుతోంది. కరివేపాకు వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి, ఈ మధ్య అది మెత్తగా అంటుకుంటోంది. గల్లా దగ్గర కూర్చునే కొడుకుతో ఈ మాట నేనే అన్నాను. "నిజమే బాబాయిగారూ, కాని ఆదివారం జనం బయట మెట్ల మీద నిలబడి ఉంటారు, ఒక్కో మూకుడుకు ముప్పావు గంట అంటే నేనేం చెయ్యను?" అన్నాడు. అతని ఇబ్బంది నాకు అర్థమైంది. బ్రాయిలర్ కోడి నలభై రోజులకే రెండు కిలోలకు వస్తుంది, నాటు కోడిలా గంటసేపు ఉడకనక్కర లేదు, కాబట్టి తొందర పడడానికి వీలు దొరికింది. ఆ వీలును వాడుకుని వేయించే సమయాన్ని కూడా కోసేయడం మాత్రం తప్పే. మీ న్యాయనిర్ణేతలు సరిగ్గా ఆదివారమే వెళ్ళారు. అక్కడ ఎత్తి చూపవలసినది చప్పబడిన ఎముక దగ్గరి ముక్కను. రాసినది మాత్రం రంగు తక్కువైందని. ఈ విమర్శ చదివి ఆ కుర్రవాడు పద్ధతిని సరిదిద్దుకోకుండా రంగు డబ్బా కొనుక్కొస్తాడేమోనన్నదే నా భయం.

ఆ మెస్సుకు దక్కవలసిన ఒక మెప్పు కూడా మీ కథనంలో కనిపించలేదు. వేపుడుకు ఆ పూటకు కావలసిన నూనె ఆ పూటే పోస్తారు. అది ముక్కలతోనే వెళ్ళిపోతుంది గనుక మిగిలి మళ్ళీ కాగడం ఉండదు. ముంచి వేయించే చోట మూకుడులో నూనె లీటర్ల కొద్దీ నిలవ ఉంటుంది, రోజంతా కాగుతూనే ఉంటుంది. అలా కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. నలుగురు తినే వంటకానికి మార్కులు వేసేటప్పుడు అది ఏ నూనెలో, ఎన్నోసారి కాగిన నూనెలో వేగిందో అడగడం న్యాయనిర్ణేతల మొదటి పని అని నేను నమ్ముతున్నాను. ముక్క తీసిన తరువాత స్టీలు ప్లేటు మీద మిగిలిన నూనెను చూసినా కొంత తెలుస్తుంది: తేటగా, కారం పొడి రేణువులు విడివిడిగా కనిపిస్తూ ఉంటే అది కొత్త నూనె, నల్లగా, జిగటగా ఉంటే ఆ ప్లేటును అక్కడే వదిలి రావడం మంచిది.

పెద్ద పెద్ద ప్రకటనలు ఇచ్చే హోటళ్ళ మధ్య ఇటువంటి కుటుంబ మెస్సులకు మీ పత్రికలో వచ్చే పది వాక్యాలే ప్రచారం. ఆ కథనం వచ్చిన మర్నాడు సోమవారం నేను అక్కడికి వెళ్ళేసరికి పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఆ కాగితాన్ని మనవరాలి చేత చదివించుకుంటున్నారు. "ఎముకలు ఎక్కువ" అన్న చోట ఆపించి, "కోడికి ఎముకలు కాక ఏముంటాయమ్మా" అని అడిగారు. ఆ పిల్ల దగ్గర గాని, నా దగ్గర గాని జవాబు లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. తరువాతి విడతలో రంగు అనే గడిని తీసేసి నూనె అనే గడిని పెట్టండి. ముంచి వేయించిన వాటికి, మూకుడులో ఇగిర్చి వేయించిన వాటికి వేర్వేరు పట్టికలు వేయండి. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు ఇంట్లో రోజూ పొయ్యి దగ్గర నిలబడేవారై ఉండాలి. బ్రాడీపేట మెస్సుకు మటుకు ఆదివారం వద్దు, మామూలు మంగళవారమో బుధవారమో పన్నెండున్నరకల్లా వెళ్ళండి. ఆ వేళకు జనం పలుచగా ఉంటారు, మొదటి మూకుడు పచ్చి ముక్కతోనే పడుతుంది. వేడన్నం, పప్పుచారు అడిగి వేయించుకుని, ఎముక దగ్గరి ముక్కను మొదట కొరికి చూసి, అప్పుడు మార్కులు వేయండి. ఆ మార్కులు పదికి నాలుగే అయినా నేను మారు మాట్లాడను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
గుంటూరు.