ఆపరేషన్ అయింది, మాత్ర సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

గుండెలో లోహపు కవాటం అమర్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసినోకౌమరాల్ వంటి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఆపరేషన్ ఖర్చుకు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది. మాత్ర ఎలా వాడాలో విడమరచి చెప్పే పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. గుండె శస్త్రచికిత్స వార్డులో నర్సును కాబట్టి రాస్తున్నాను.

గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మార్చినవారి డిశ్చార్జి చీటీ మీద సాధారణంగా 'ఐఎన్ఆర్ 2.5–3.5' అని ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే అంకె అది. ఆ అంకె తగ్గితే కవాటం మీద గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చని, బాగా పెరిగితే లోపల రక్తస్రావం కావచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా ఆకుకూరలు ముట్టుకోవద్దని ఇరుగుపొరుగు భయపెడతారు. మానక్కర్లేదు. పాలకూరైనా తోటకూరైనా ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

అసలు భయపడాల్సింది మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌కు, జ్వరమొస్తే ఊళ్లో పిరుదుకు పొడిపించుకునే సూదికి. కండలోకి రక్తం దిగి, అరచేయంత మేర నల్లగా కమిలి, కూర్చోలేని స్థితిలో వస్తారు. మలం తారులా నల్లగా వస్తున్నా, అది లోపలి రక్తస్రావానికి గుర్తని తెలియక పైత్యమని సరిపెట్టుకునేవారూ ఉన్నారు.

డిశ్చార్జికి ముందు నర్సు పావుగంట కూర్చుని చెప్పాలి, చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించాలి. రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉన్న వార్డులో ఆ పావుగంట ఎక్కడిదంటారా? పోస్టులు భర్తీ చేయండి. వేలికొసన రక్తపు చుక్కతో ఐఎన్ఆర్ చూసే యంత్రాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక స్టాఫ్ నర్సు, గుంటూరు