విమానాశ్రయం బస్సు: చివరి ట్రిప్పు తేదీ, సామాన్ల రాక్, టికెట్ల గురించి ఫిర్యాదు

ఆపరేషన్స్ మేనేజర్ గారికి,
విమానాశ్రయం – నగర కేంద్రం ఎక్స్‌ప్రెస్ బస్సుల విభాగం

విషయం: అర్ధరాత్రి దాటాక నడిచే బస్సు తేదీని తప్పుగా చూపడం, ఇతర లోపాలు

నమస్కారం.

మీ బస్సు ఎక్కాక మాకు పెద్దగా ఇబ్బంది లేదు. రోడ్డు మీద సమయానికే నడుస్తోంది, డ్రైవర్లు మర్యాదగా మాట్లాడతారు. చిక్కంతా విమానం దిగిన మనిషి బస్సు దాకా చేరే లోపలే ఉంది. టైమ్‌టేబుల్‌ను డిపో గడియారం చూసి వేశారే తప్ప అరైవల్స్ గేటు దగ్గర నిలబడి వేయలేదని మా అభిప్రాయం. ఎక్కడ తేడా వస్తోందో, ఏం చేస్తే పోతుందో కింద రాస్తున్నాం.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి బస్సు తేదీ. మీ టైమ్‌టేబుల్లో శనివారం వరుసలో మాత్రమే 00:30 ట్రిప్పు ఉంది. శుక్రవారం, ఆదివారం వరుసల్లో లేదు. ఆ బస్సు నిజానికి కదిలేది శనివారం రాత్రి పన్నెండు దాటి, ఆదివారం తేదీ పడ్డాక. డిపో లెక్కలో అది శనివారం డ్యూటీయే, ఎందుకంటే శనివారం సాయంత్రం షిఫ్టు ఎక్కిన డ్రైవరే దాన్ని నడుపుతాడు. బస్సుల వేళలు పంచుకోవడానికి వాడే జీటీఎఫ్‌ఎస్ ఫైళ్లలో ఇలాంటి ట్రిప్పును అందుకే 24:30:00 అని రాస్తారు. గంట పెరుగుతుంది గానీ సర్వీసు రోజు మారదు. పద్ధతిలో తప్పేమీ లేదు. మీ వెబ్‌సైట్ ఆ 24ను 00గా మార్చి, తేదీని మాత్రం శనివారంగానే వదిలేస్తోంది. తప్పు అక్కడ ఉంది.

దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. శుక్రవారం రాత్రి గడిచి, శనివారం 00:10కి బయటికొచ్చిన ప్రయాణికుడు ఫోన్‌లో శనివారం తేదీ చూస్తాడు. 00:30 బస్సు కనిపిస్తుంది, టికెట్ కొంటాడు, స్టాపులో నిలబడతాడు. ఆ బస్సు రావాల్సింది మర్నాడు అదే వేళకు. ఆదివారం 00:10కి దిగినవారిది దీనికి తలకిందులు. ఆదివారం వరుసలో బస్సు కనిపించదు కాబట్టి టాక్సీ మాట్లాడుకుని వెళ్లిపోతారు. అప్పటికి బస్సు బయట సగం ఖాళీగా నిలబడి ఉంటుంది. ఒకవేళ దాన్ని చూసి పరిగెత్తుకొచ్చి ఆదివారం తేదీతో ఉన్న టికెట్ చూపినా, డ్రైవర్ చేతిలోని స్కానర్ దాన్ని ఒప్పుకోదు.

సరిచేయడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. టైమ్‌టేబుల్లో "శనివారం రాత్రి, అంటే ఆదివారం 00:30" అని రెండు రోజుల పేర్లూ రాయండి. వెబ్‌సైట్‌లో 00:00 నుంచి 04:00 లోపు ట్రిప్పులను అసలు క్యాలెండర్ తేదీ కింద చూపండి. టికెట్ చెల్లుబాటును అర్ధరాత్రితో కోసేయకుండా మర్నాడు తెల్లవారుజామున నాలుగింటి దాకా ఉంచండి.

ఇక విమానాలతో పొత్తు. విమాన టైమ్‌టేబుల్లో రాక సమయం అంటే విమానం పార్కింగ్ స్థలానికి చేరి ఆగే వేళ. అక్కణ్నుంచి తలుపు తెరవాలి, టెర్మినల్ పొడవునా నడవాలి, విదేశం నుంచి వచ్చిన విమానమైతే పాస్‌పోర్ట్ క్యూ, ఆపైన బెల్టు దగ్గర పెట్టె కోసం ఎదురుచూపు. చేతిసంచి ఒక్కటే ఉన్నవారు ఇరవై నిమిషాల్లో బయటపడవచ్చు. పెట్టె, పాస్‌పోర్ట్ తనిఖీ రెండూ ఉన్నవారికి గంట పట్టడం మామూలే. చివరి అంతర్జాతీయ విమానం రాక 23:50 అని ఉన్నప్పుడు చివరి బస్సు 00:30కి పెడితే అది ఎవరి కోసం? చివరి విమానం రాక వేళకు కనీసం 75 నిమిషాలు, వీలైతే 90 నిమిషాలు కలిపి చివరి బస్సు వేయండి. విమానం ఆలస్యమైతే బస్సును ఆపే అధికారం స్టాపు దగ్గరి సూపర్‌వైజర్‌కు ఇవ్వండి. విమానాల తాజా వేళలు ఆయన ఎదురుగా తెర మీదే ఉంటాయి.

పొద్దుటి మొదటి బస్సుదీ ఇదే కథ. చాలా ఎయిర్‌లైన్లు బ్యాగేజీ కౌంటర్‌ను విమానం బయల్దేరడానికి 45 నుంచి 60 నిమిషాల ముందే మూసేస్తాయి. మొదటి విమానానికి 50 నిమిషాల ముందు టెర్మినల్ చేరే బస్సు, పెట్టె ఉన్న ప్రయాణికుడికి పనికిరాదు.

విమానాల వేళలు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం నాడు మారతాయి. కొత్త సీజన్ వేళలు నెలల ముందే ఖరారవుతాయి. మీ టైమ్‌టేబుల్ మాత్రం ఆ తర్వాత చాలా వారాలు పాతదే నడుస్తోంది. ఆ వారాల్లోనే బస్సులు ఖాళీగా, టాక్సీ క్యూలు నిండుగా కనిపిస్తాయి. రెండూ ఒకే రోజున మారాలి.

బస్సులో సామాన్ల రాక్ గురించి కూడా చెప్పాలి. విమానంలో లోడ్ చేసే పెట్టెకు చాలా ఎయిర్‌లైన్లు పెట్టే పరిమితి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు. అంటే ఇంచుమించు 76 × 52 × 30 కొలతల పెట్టె. మీ రాక్ అరలు చేతిసంచుల కొలతకు కట్టినవి. పెద్ద పెట్టె అడ్డంగా పట్టదు, నిలువుగా పెడితే చక్రాల మీద నిలబడుతుంది. నాలుగు చక్రాల పెట్టెల్లో చాలావాటికి బ్రేకు ఉండదు. డ్రైవర్ బ్రేకు వేయగానే 23 కిలోలు నడవలోకి దొర్లుకొచ్చి నిలబడ్డవారి మడమలకు తగులుతుంది. అందుకని జనం పెట్టెలను వీల్‌చెయిర్ స్థలంలో పేరుస్తున్నారు. వీల్‌చెయిర్‌లో ఉన్న ప్రయాణికుడికి బస్సులో ఉన్నది ఆ ఒక్క చోటే. అది పెట్టెలతో నిండితే ఆయన తర్వాతి బస్సు దాకా ఆగాలి. ఇది మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టే విషయం.

కింది అరను 55 సెంటీమీటర్ల లోతు, 35 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా మార్చండి. అప్పుడు పెట్టె పడుకుని కూర్చుంటుంది, చక్రాలకు నేల తగలదు. అర అంచున ఎనిమిది, పది సెంటీమీటర్ల కమ్మీ, అడుగున రబ్బరు పరుపు చాలు. పై అర చేతిసంచులకే ఉంచండి, బరువైనవి తల మీద పడకూడదు. రాక్ సీట్లలోంచి కనిపించే చోట ఉండాలి. మధ్య స్టాపుల్లో ఎవరి పెట్టె ఎవరు దింపుతున్నారో తెలియకపోతే ఎవరూ పెట్టెను రాక్‌లో వదలరు, ఒళ్లోనో పక్క సీట్లోనో పెట్టుకుంటారు.

టికెట్ విషయం క్లుప్తంగా. యాప్‌లో టికెట్ కొనాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి. రోమింగ్ లేని విదేశీ సిమ్‌కు అది రాదు. వైఫై ఎక్కుదామంటే దానికీ ఓటీపీయే. మిగిలింది స్తంభం వెనకున్న ఒక్క యంత్రం. అందులో ఒకసారికి ఒక్క టికెట్టే వస్తుంది కాబట్టి నలుగురున్న కుటుంబం మొత్తం ప్రక్రియను నాలుగుసార్లు చేయాలి, వెనక క్యూ పెరుగుతుంది, బస్సు వెళ్లిపోతుంది. బస్సు తలుపు దగ్గరే కార్డు తాకించి ఎక్కే రీడర్ పెట్టండి, ఈమెయిల్‌కు టికెట్ పంపండి, యంత్రంలో ఎంతమంది అని అడిగే తెర చేర్చండి.

స్టాపు బోర్డు రాత్రి వెలగదు. అక్షరాలు రెండు సెంటీమీటర్లు కూడా లేవు. పది మీటర్ల నుంచి చదవాలంటే నాలుగైదు సెంటీమీటర్లయినా ఉండాలి. రెండు టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సుకూ నగరానికి వెళ్లే బస్సుకూ ఒకటే బోర్డు. ఆ చీకట్లో టాక్సీ దళారులు వచ్చి "చివరి బస్సు వెళ్లిపోయిందండీ" అంటే, చదవడానికి ఏమీ లేని మనిషి నమ్మక ఏం చేస్తాడు? బోర్డు మీద దీపం, తర్వాతి బస్సు వేళ, బస్సు చివరికి ఆగే స్టాపు పేరు ఉంటే ఆ మాట చెల్లదు.

తేదీ లోపం, బోర్డు దీపం ఈ వారంలోనే సరిచేయగలిగినవి. వేళల మార్పును వచ్చే సీజన్ మారే ఆదివారానికి, రాక్‌లను బస్సులు సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడల్లా ఒక్కొక్కటిగా పూర్తిచేయండి. తప్పు తేదీతో టికెట్ కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వాలని కోరుతున్నాం. అర్ధరాత్రి నుంచి 00:30 లోపు కొని, ఇరవై నాలుగు గంటల తర్వాతి ట్రిప్పుకు నమోదై, స్కాన్ కాకుండా మిగిలిన టికెట్లన్నీ మీ రికార్డుల్లో ఉంటాయి. వాటిని వెతికి, ఫిర్యాదు కోసం చూడకుండా అదే కార్డుకు జమ చేయండి. ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఈ మార్గంలో తరచూ తిరిగే ప్రయాణికులు