గాలే గోడ మీద నిలబడి

చిట్టితల్లీ,

శ్రీలంకలో నువ్వు టికెట్లు బుక్ చేసిన గాలే ఊరు చూశామమ్మా. కొలంబో నుంచి రైలు సముద్రం పక్కనే వస్తుంది. నాన్నగారు కిటికీ వదల్లేదు.

పాత ఊరంతా కోటగోడ లోపలే. 1588లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టారు, 1640లో డచ్చివాళ్లు గెలుచుకుని గట్టి గోడ కట్టారు. మన బందరులో వలందపాలెం ఉంది చూడు, ఆ వలందులే! పాత దర్వాజా లోపలివైపు 1669 అని చెక్కి ఉంది. రెండు సింహాలు, వాటి పైన ఒక కోడిపుంజు. 1755 నాటి వాళ్ల చర్చిలో నేలంతా సమాధి రాళ్లే. చూడగానే బందరు డచ్చి సమాధులు గుర్తొచ్చాయి.

గోడలో పగడపు రాయి కూడా వాడారు. దగ్గరికెళ్లి చూస్తే రాయి నిండా చిన్న చిన్న చిల్లులు, పువ్వు రేకుల్లాంటి సన్నటి గీతలు. వేలితో రాస్తే ఉప్పు అంటుకుంది.

సాయంత్రం గోడ ఎక్కాం. కిందే క్రికెట్ స్టేడియం, ఆ పక్కన బస్టాండ్. 2004 డిసెంబర్ 26న సునామీ ఆ రెండింటినీ ముంచేసింది. బయట ఎంతోమంది పోయారు. గోడ లోపల ఊరు మాత్రం చాలావరకు నిలబడింది. పరాయివాళ్లు ఫిరంగులకి భయపడి కట్టుకున్న గోడ, మూడు వందల ఏళ్ల తర్వాత ఈ ఊరి పిల్లల్ని కాపాడింది. అక్కడే నాకు కాళ్లు ఆడలేదమ్మా. నాన్నగారు కంగారుపడ్డారు.

1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. నాకప్పుడు ఆరేళ్లు. మా మేనత్త వాళ్లది అక్కడే, సముద్రానికి దగ్గర ఊరు. అడ్డం ఏముంది, తాటిచెట్లు తప్ప? మీ తాతయ్య చెల్లెల్ని వెతుక్కుంటూ వెళ్లి నాలుగో రోజు తిరిగొచ్చాడు. చేతిలో ఒక ఇత్తడి బిందె ఉంది, అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ అత్త పేరెత్తలేదు. నేనూ నీకెప్పుడూ చెప్పలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అత్త గురించి అన్నీ చెప్తాను. నువ్వు చిన్నప్పుడు పెరట్లో నీళ్లు నింపుకుని ఆడుకున్న సొట్ట బిందె అదేనమ్మా.

అమ్మ